సిరిసిల్లను సరిగా లెక్కపెట్టండి

సిరిసిల్ల పేరు పత్రికల్లో ఎప్పుడు కనిపిస్తుంది? సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగినప్పుడు. నేత కార్మికుడు ప్రాణం తీసుకున్నప్పుడు. చీరల ఆర్డరు వచ్చినప్పుడు, లేదా రాకుండా పోయినప్పుడు. ఎన్నికలొస్తే ఇంకో నెల రోజులు. మిగతా కాలమంతా ఈ ఊళ్లో ఎవరు ఏం పని చేస్తున్నారో, ఎలాంటి ఇంట్లో ఉంటున్నారో పట్టించుకున్న వాళ్లు లేరు. రాష్ట్రంలోని ఆడబిడ్డలకు ఏడాదిలో కోటి చీరలు నేసిచ్చిన ఊరు ఇది. అయినా దీన్ని ఆదుకోవలసిన ఊరుగానే రాస్తారు తప్ప సత్తా ఉన్న ఊరుగా ఎవరూ రాయరు. నా బాధంతా దాని గురించే.

సిరిసిల్ల శాసనసభ నియోజకవర్గం అంటే సిరిసిల్ల పట్టణం ఒక్కటే కాదు. తంగళ్లపల్లి, ఎల్లారెడ్డిపేట, గంభీరావుపేట, ముస్తాబాద్, వీర్నపల్లి మండలాలు కూడా. పట్టణంలో మరమగ్గాలు, మానేరు పరీవాహకంలో వరి, వీర్నపల్లి వైపు తండాలు, దాదాపు ప్రతి పల్లెలో బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు. వీటిని వేర్వేరు బతుకులనుకుంటే పొరపాటు. అన్న సాంచాల మీద, తమ్ముడు దుబాయిలో, వదిన బీడీల చాట ముందు, తల్లిదండ్రులు ఎకరం పొలంలో ఉన్న ఇళ్లు ఇక్కడ లెక్కలేనన్ని.

లెక్కలేనన్ని అని ఊరికే అనలేదు. నిజంగానే లెక్క లేదు. మన చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. 2021లో జరగవలసింది జరగలేదు. 2011లో సిరిసిల్ల కరీంనగర్ జిల్లాలో ఒక భాగం. రాజన్న సిరిసిల్ల జిల్లా పుట్టింది 2016 అక్టోబరు 11న. తంగళ్లపల్లి, వీర్నపల్లి మండలాలు కూడా ఆ విభజనలో వచ్చినవే, కాబట్టి పాత పట్టికల్లో ఆ పేర్లతో మండలాలే కనిపించవు. పైగా జనగణన పట్టికలు గ్రామం, వార్డు, మండలం వారీగా వస్తాయి. మనం ఎమ్మెల్యేని ఎన్నుకునే నియోజకవర్గానికి జనం ఎందరు, పనులేమిటి, ఇళ్లెలా ఉన్నాయి అని అడిగితే, ఊరూరి అంకెలు ఏరుకొచ్చి ఎవరికి వాళ్లు కూర్చుకోవలసిందే. అంత ఓపిక ఎవరికుంది? రాష్ట్రం సొంతంగా లెక్కలు తీయకపోలేదు. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2024 నవంబరులో ఇంటింటి కులగణన మొదలైంది. కులాల శాతాల మీద ఊరూరా చర్చ జరిగింది, జరగాల్సిందే. పని మీద, ఇంటి మీద మాత్రం ఆ చర్చ జరగలేదు.

ముందు పని సంగతి చెప్తాను, ఎందుకంటే ఎక్కువ అన్యాయం జరుగుతున్నది దానికే.

సిరిసిల్లలో పాతికవేలకు అటూఇటూగా సాంచాలున్నాయి. ఒకప్పుడు ఇక్కడి పద్మశాలీలవి చేమగ్గాలు. భీవండి, షోలాపూర్ వలసపోయి అక్కడి మిల్లుల్లో, షెడ్లలో పని నేర్చుకున్నవాళ్లు ఆ నేర్పును వెంట తెచ్చుకున్నారు. అక్కడ వాడేసిన పాత సాంచాలను కొనుక్కొచ్చి బాగుచేసి నడిపించారు. ఇవాళ ఒక తాను బట్ట బయటికి రావాలంటే ఎంతమంది చేతులు పడాలో చూడండి. నూలును భీముకెక్కించే వార్పిన్ కార్మికులు, భీము పోగులను సర్ది అతికే వైపని వాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, ఒక్కడే ఆరెనిమిది సాంచాల మధ్య తిరుగుతూ తెగిన పోగును తెగినచోటే పట్టుకునే కార్మికుడు, సాంచా మొరాయిస్తే బాగుచేసే జాబర్, తానులు మోసే హమాలీ. పన్నెండు గంటల షిఫ్టు. పక్కవాడి మాట వినిపించని చప్పుడు. ఆ చప్పుడులో సాంచా మోత కాస్త మారినా ఏ పోగు తెగిందో, ఎక్కడ బిగువు తగ్గిందో పసిగట్టే నైపుణ్యం ఏ బడిలోనూ నేర్పరు.

ఇక జనగణన పట్టిక తెరవండి. పనివాళ్లకు అక్కడ నాలుగే గళ్లు: సాగుదారు, వ్యవసాయ కూలీ, కుటుంబ పరిశ్రమ, ఇతరులు. సొంతింట్లో నాలుగు సాంచాలు పెట్టుకుని, యజమాని దగ్గర నూలు తీసుకుని కూలికి నేసే ఆసామి కుటుంబ పరిశ్రమ గడిలో పడతాడు. అదే బట్టను అదే నూలుతో పక్క వీధిలోని షెడ్డులో నేసే కార్మికుడు ఇతరుల్లో కలిసిపోతాడు. ఆ గడిలోనే బ్యాంకు ఉద్యోగి, టీచరు, కిరాణా కొట్టు యజమాని, ఆటో డ్రైవరు అందరూ ఉంటారు. నియోజకవర్గానికి పేరు తెచ్చిన పని ఏదో ఆ పట్టిక చూసి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వివరమైన వృత్తి పట్టికలు వేరే వేస్తారు, నిజమే. అవి వార్డు దాకా దిగవు. బీవై నగర్‌లో ఎందరు వైపని వాళ్లున్నారో, సుందరయ్యనగర్‌లో ఎందరు కండెలు చుడుతున్నారో వాటిలో దొరకదు.

ఇంకో గీత కూడా ఉంది. ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తే ప్రధాన కార్మికుడు, అంతకు తగ్గితే ఉపాంత కార్మికుడు. సాంచాలు ఆగిన ఏడాదిలో సిరిసిల్ల కార్మికుడిని అడిగితే ఏమని రాస్తారు? ముప్పై ఏళ్లుగా నేస్తున్నవాడు, ఆర్డర్లు లేక ఇంట్లో కూర్చున్న పాపానికి, అప్పుడప్పుడు పనిచేసే మనిషిగా రికార్డులోకి ఎక్కుతాడు. పని దొరకలేదన్నది బజారు తప్పు. పనివాడి విలువ తగ్గినట్టు కాగితం మీద పడుతుంది.

ఆడవాళ్ల పని అయితే కాగితం దాకా కూడా రాదు. లెక్కలు రాసే మనిషి గుమ్మంలో నిలబడి "ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారు" అని అడిగితే, సాధారణంగా జవాబు చెప్పేది మగవాడు. "ఆమె ఏం చేయది, ఇంట్లనే ఉంటది" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చాటలో తునికాకు కత్తిరించుకుంటూనే ఉంటుంది. తెల్లారి లేచి వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, కూర్చున్నచోటు నుంచి లేవకుండా వందల బీడీలు చుట్టి, సాయంత్రం కార్ఖానాకు తీసుకెళ్తే చాటన్‌లో కొన్ని తీసిపారేయగా మిగిలినవాటికి కూలి. మెడ నొప్పి, వేళ్ల కొసలు మొద్దుబారడం, పొగాకు దగ్గు ఉచితం. జనగణన నిర్వచనంలో జీతం లేకుండా ఇంటి వ్యాపారంలో చేసే పని కూడా పనే. ఇంటి వాడకానికి పాడి చేసినా అది పనే. అంటే నిబంధన ఆమె పక్షానే ఉంది. గుమ్మంలో అడిగే తీరు, చెప్పే తీరు ఆమెకు వ్యతిరేకంగా ఉన్నాయి. 2015 నుంచి తెలంగాణలో బీడీ కార్మికులకు పింఛను వస్తున్నది, మంచిదే. కానీ దానికి పీఎఫ్ ఖాతా ఉండాలి. పక్కింటామె పేరున బీడీలిచ్చి బతికిన ఆడమనిషికి ఆ ఖాతా ఎక్కడిది? ఆమె అక్కడా లేదు, ఇక్కడా లేదు.

గల్ఫ్ ఇళ్లది మరో కథ. భర్త ఏళ్లతరబడి దేశంలో ఉండడు కాబట్టి అతను లెక్కలోకి రాడు. పొలం కౌలు మాట్లాడేది, అప్పుకు వడ్డీ కట్టేది, అత్తమామల్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది భార్యే. ఆ ఇంటి యజమాని ఎవరని అడిగితే ఇప్పటికీ చాలామంది భర్త పేరో మామ పేరో చెప్తారు.

ఇల్లు. సిరిసిల్ల పాత వాడల్లో ఇల్లూ షెడ్డూ వేరు కావు. ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో వంట, నడుమ పడక. పిల్లలు ఆ మోతలోనే నిద్రపోతారు, ఆ దుమ్ములోనే చదువుకుంటారు. 2010లో ఇళ్ల లెక్క తీసినప్పుడు గోడ దేనిది, కప్పు దేనిది, గదులెన్ని, ఇంట్లో పెళ్లయిన జంటలెన్ని, నీళ్లు ఇంట్లోనా బయటా, మరుగుదొడ్డి ఉందా, సొంతమా అద్దెనా అని అన్నీ అడిగారు. నివాసంతో పాటు వేరే పనికి కూడా వాడే ఇల్లు అని ప్రత్యేకంగా ఒక వర్గం కూడా పెట్టారు. సిరిసిల్లను అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క వర్గం చాలు. ఏ వార్డులో అలాంటి ఇళ్లు ఎక్కువో తెలిస్తే అక్కడ అగ్నిమాపక బండి పట్టే సందు ఉందా, వినికిడి పరీక్షలు జరుగుతున్నాయా, పిల్లలకు చదువుకునే గది ఏదైనా ఉందా అని ఆలోచించవచ్చు. ఆ అంకె మీద ఇక్కడ ఒక్క సభ జరిగినట్టు నేను వినలేదు.

పట్టణం బయట మండెపల్లిలో 2021 జులైలో 1,320 రెండు పడకగదుల ఇళ్లు ప్రారంభించారు. చూడముచ్చటగా కట్టారు, దాన్ని కాదనను. అయితే రాత్రి షిఫ్టు దిగే కార్మికుడికి షెడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు కావాలి. భార్య కండెలు చుట్టేది కూడా ఆ పక్క వీధిలోనే. అందుకే చాలామంది ఇప్పటికీ షెడ్డు పక్కన ఒంటిగది అద్దెకు తీసుకుంటారు. ఇల్లు ఎక్కడ కట్టాలో పని చెప్పాలి. పని ఎక్కడుందో చెప్పే పటం మన దగ్గర లేదు.

ఇప్పుడు విలువ సంగతి. పార్టీల కండువాలు, జెండాలు ఎక్కడ తయారవుతాయి? చాలా సిరిసిల్లలోనే. ఏ పార్టీ గెలిచినా ఓడినా దాని రంగు ముందు ఈ ఊరి సాంచాల మీదుగా పోవలసిందే. సర్కారు బడి పిల్లల యూనిఫాం గుడ్డ ఇక్కడిదే. 2022లో స్వాతంత్ర్య వజ్రోత్సవాలకు రాష్ట్రంలో ఇంటింటికీ పంచిన కోటి ఇరవై లక్షల జెండాల తయారీలో ఈ ఊరి చెయ్యి ఉంది. 2017లో ఆడబిడ్డలకు సర్కారు పంచే బతుకమ్మ చీరలు మొదలైనప్పుడు సమయం చాలక కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. చీరలు బాగాలేవని కొన్నిచోట్ల తగలబెట్టారు. చెడ్డపేరు మాత్రం సిరిసిల్లకు వచ్చింది. ఆ మాట పడ్డ నేతగాళ్లే తర్వాతి ఏళ్లలో సాంచాలకు డిజైన్లు వేసే డాబీలు బిగించుకుని, జరీ అంచులతో, ఏడాదికో కొత్త రకం నేసి చూపించారు. దాన్ని మాత్రం ఎవరూ పతాక శీర్షిక చేయలేదు.

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుది ఇదే ఊరు. ఆయన కొడుకు విజయ్ ఆ విద్యను నిలబెట్టాడు. యెల్ది హరిప్రసాద్ చేమగ్గం మీద జీ-20 చిహ్నం నేసి పంపితే 2022 నవంబరులో ప్రధాని తన మన్ కీ బాత్‌లో ఆయన పేరు చెప్పారు. గర్వపడ్డాం. అంతటి చెయ్యి ఆకాశం నుంచి ఊడిపడదు. తరతరాలుగా నేసిన ఊళ్లోనే అది పుడుతుంది. ఒక్కరికి శాలువా కప్పి వేలమందిని మరిచిపోవడం నాకు న్యాయంగా తోచదు. చేనేతకు ఆగస్టు 7న ఒక జాతీయ దినం ఉంది. పోచంపల్లికి, గద్వాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అవి ఉండాల్సినవే. మరమగ్గం నడిపేవాడికి ఏముంది? చేనేత వాళ్లు అతన్ని పోటీదారు అంటారు, మిల్లుల వాళ్లు చిన్నవాడంటారు. ఇక్కడ రంగులద్దే, మెరుగుపెట్టే కర్మాగారాలు చాలినన్ని లేవు. పచ్చి బట్టగానే వెళ్లిపోయిన సరుకు ఎక్కడో రంగు వేసుకుని ఆ ఊరి పేరుతో అమ్ముడుపోతుంది.

సాంచాలు పాతబడ్డాయి, పోటీకి నిలవవు అని పెద్దమనుషులు అంటుంటారు. పాతబడ్డ మాట వాస్తవం. కానీ ఏ వాడలో ఎన్ని పాతవి, ఎన్నింటిని మార్చుకోవచ్చు, వాటి మీద పనిచేసేవాళ్ల వయసెంత, వాళ్ల పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అన్న లెక్క లేకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. బతుకమ్మ చీరల ఆర్డరు ఉన్నన్నాళ్లు ఊరు బతికింది. 2023 చివర్లో ప్రభుత్వం మారాక అది ఆగింది, పాత బకాయిలు నిలిచాయి, 2024లో సాంచాలు మూగబోయాయి. ఆ తర్వాత కొత్త ప్రభుత్వం ఇచ్చిన ఇందిరా మహిళాశక్తి చీరల ఆర్డరుతో మళ్లీ కదిలాయి. ఒక నియోజకవర్గపు కూడు ఒకే సంతకం మీద ఆధారపడకూడదు. ఈ తప్పు ఒక్క ప్రభుత్వానిది కాదు. ఇక్కడున్న నేర్పెంతో తెలుసుకోకుండా ఆర్డరు ఇచ్చినవాళ్లదీ, ఆపినవాళ్లదీ.

ఈ జనం లెక్కలు తెలియనివాళ్లు కాదు. దేశంలోనే తొలి విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటైన సెస్ ఇక్కడిదే. తమ కరెంటు సంస్థ పాలకవర్గాన్ని తామే ఓటేసి ఎన్నుకుంటున్నారు. 1978లో జగిత్యాలతో పాటు ఈ తాలూకాను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించేంతగా కూలి గురించి, భూమి గురించి నిలబడి అడిగిన నేల ఇది.

2027 మార్చి 1ని ప్రమాణంగా పెట్టుకుని కొత్త జనగణన జరుగుతుంది. ఇళ్ల లెక్క అంతకు ముందే, 2026లో. పదహారేళ్లకు వస్తున్న అవకాశం. లెక్కలు రాయడానికి వచ్చే టీచరమ్మలకు, సార్లకు నా మనవి ఒక్కటే: గుమ్మంలో మగవాడు చెప్పిందే రాసుకుని కదలకండి, లోపలున్న ఆమెను పిలిచి అడగండి. అక్కా, చెల్లె, మీరు కూడా "ఏం చేయను" అనకండి. బీడీలు చేస్తనని చెప్పండి, కండెలు చుడుతనని చెప్పండి, బర్రె పాలు పిండుతనని చెప్పండి. ఆసామి అన్నా, ఇల్లు చూపించేటప్పుడు సాంచాల గది తలుపు కూడా తెరువు.

అధికారులకు, ఎమ్మెల్యేకు, రేపు ఓటడగడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ: ఆ అంకెలు వచ్చాక వాటిని వార్డువారీగా, ఊరువారీగా తెలుగులో అచ్చువేయించి, సిరిసిల్ల 39 వార్డుల్లో, నియోజకవర్గంలోని ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద అంటించండి. మా పని ఏమిటో, మేం ఎందరమో, ఎలాంటి ఇళ్లలో ఉంటున్నామో మేం చదువుకోవాలి. ఓట్లు అడిగేవాళ్లు అది చదివాకే మా వీధిలోకి రావాలి.