వాట్ల అంకెలు చూసి మోసపోవద్దు

సంపాదకులకు,

తక్కువ ధరలో కంప్యూటర్ స్పీకర్లు కొనేవారు ‘ఎక్కువ వాట్లున్నవే ఎంచుకోవాలి’ అంటూ గత సంచికలో ఇచ్చిన సలహాతో ఏకీభవించలేను. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే పీఎంపీఓ అంకె క్షణకాలపు గరిష్ఠం మాత్రమే. దాన్ని కొలవడానికి అందరూ పాటించే ప్రమాణమే లేదు. చూడాల్సింది నిలకడగా ఇచ్చే శక్తిని తెలిపే ఆర్‌ఎంఎస్ అంకె. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. కేవలం దానితో నడిచే జత నిలకడగా 20 వాట్లు ఎలా ఇస్తుంది? పైగా వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. బల్ల ముందు కూర్చుని వినేవారికి ఐదారు వాట్లు ధారాళం.

సబ్ వూఫర్ ఉన్న 2.1 సెట్టే మేలన్నదీ అందరికీ వర్తించదు. అపార్టుమెంట్లలో ఆ దడదడ పక్కింటికీ వినిపిస్తుంది. పాఠాలు, వార్తలు వినేవారికి మాట స్పష్టంగా ఉంటే చాలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ దుకాణాల సముదాయానికి వెళ్తే, బాగా తెలిసిన పాట పెట్టించుకుని వినండి. తర్వాత పాట ఆపి, వాల్యూమ్ పెంచి, బుస్సుమనే రొద ఉందేమో గమనించండి. ఇంట్లో స్పీకర్లను చెవుల ఎత్తులో, మీవైపు తిప్పి పెట్టుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్