బలంలో సగం ఎంత?

రొమ్ము కేన్సర్ చికిత్స ముగిసిన ఏడాదికే, 2019 సెప్టెంబరులో, అమెరికా వనిత సారా థామస్ ఇంగ్లిష్ ఛానెల్‌ను ఆగకుండా నాలుగుసార్లు ఈదారు. 54 గంటలకు పైగా చల్లని ఉప్పునీటిలోనే! పడవను తాకరాదు. అరగంటకొకసారి తాడుతో అందించిన పానీయమే ఆహారం. ముఖంపై జెల్లీచేప కుట్టినా ఆమె ఆగలేదు.

ఈ ఉదంతాన్ని రోగులకు వినిపించి, సంకల్పముంటే చాలునని బోధించేవారితో నేను ఏకీభవించలేను. వ్యాయామం బలంలో సగం మేరకే చేయవలెనని, మించినచో అది ప్రాణాంతకమని సుశ్రుతుడు హెచ్చరించాడు. ఊపిరి నోటివరకు ఎగదన్నడమే ఆ సగానికి గుర్తు. మరి సారా శాస్త్రాన్ని ధిక్కరించారా? రోగనిర్ధారణకు పూర్వమే, 2017లో, ఆమె చాంప్లేన్ సరస్సులో 160 కిలోమీటర్లకు పైగా ఏకధాటిగా ఈదారు. ఆమె సగమూ మన సగమూ ఒకటి కావు. నా దృష్టిలో ఛానెల్ ఈత సాహసమే గాని చికిత్స కాదు. చికిత్స సాగుతున్న రోజులలో మనసుకు ఊతమిచ్చిన ఈత ఉన్నదే, అది ఔషధం. దానిని గురించి పత్రికలు రాసింది ఒకటి రెండు వాక్యాలే!

కోలుకుంటున్న పాఠకులు నీటిలో దిగదలచినచో ముందుగా వైద్యుని అనుమతి పొందాలి. శస్త్రచికిత్స గాయం పూర్తిగా మానకముందు, కీమోథెరపీ వలన తెల్లకణాలు తగ్గినప్పుడు చెరువులు, కాలువలు, సముద్రం పనికిరావు. అనుమతి లభించిన పిమ్మట తోడుగా ఒకరిని ఉంచుకొని, లోతులేని చోట నాలుగు బారలు వేయండి. నోటితో ఊపిరి తీయవలసి వచ్చిన క్షణమే ఒడ్డు చేరండి.