మడ ఆకులో బూజు: పంచాయతీలకు పట్టదా?

కోరింగ మడ అడవిని వంటచెరకుగానో, రొయ్యల చెరువుకు అడ్డంగానో చూసేవారికి ఆ ఆకు లోపలి సంగతి తెలియదు. తెల్లమడ, పొన్న, తిల్ల చెట్ల ఆకుల్లో, బెరడులో కంటికి కనబడని బూజులు కాపురముంటాయి. చాలావరకు చెట్టుకు తెగులు తెచ్చేవి కావు. వాటిలో కొన్ని సూక్ష్మక్రిములను చంపే పదార్థాలను తయారుచేస్తాయి. 1928లో పెన్సిలిన్ బయటపడింది బూజులోనే కదా!

శాస్త్రజ్ఞులు ఆకు పైనున్న క్రిములు చచ్చేలా స్పిరిటుతో కడిగి, ముక్కలు కోసి, సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుమీద పరుస్తారు. కొద్దిరోజులకు లోపలి బూజు ముక్కల అంచుల్లో పైకి వస్తుంది. దాన్ని ఉడికిన బియ్యంమీద (అవును, మనం తినే బియ్యమే) వారాల తరబడి పెంచుతారు. సారం తీసి, సిలికా పొడి నింపిన గొట్టంలో పోసి, ఒక్కొక్క పదార్థాన్ని విడదీస్తారు. ఒక్కోసారి చివరికి మిగిలేది కొన్ని మిల్లీగ్రాములే. అందులో మందుగా నిలిచేవి బహు అరుదు.

గుప్పెడు ఆకులు చాలు గనుక చెట్టుకు నష్టం లేదు. కాని బూజు సీసాలోకి చేరాక ఊరితో పని ఉండదు. మాట ముందే తేల్చుకోవాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊరి మొక్కల వివరాలతో రిజిస్టరు ఉండాలి. ఇక్కడి జీవవనరుల వాడకంపై పైవారు నిర్ణయించేటప్పుడు ఆ కమిటీని సంప్రదించాలి. లాభంలో న్యాయమైన వాటా అన్నది కూడా ఆ చట్టంలోని మాటే. రిజిస్టరులో మడ చెట్ల పేజీ ఉన్నదో లేదో ఒడ్డు గ్రామాల సర్పంచులు వచ్చే గ్రామసభలో తెరిచి చూపించాలి.