ఈ సంక్రాంతికి ఇంటికి ఏటి పట్టుకెళ్దాం?



సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. హాస్టల్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట: "ఇంటికి ఏటి పట్టుకెళ్తున్నావు?" దీని గురించే నాలుగు మాటలు రాద్దామనుకున్నాం. మేమంటే పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్న ఒకే గది వాళ్ళం, ఆరుగురం. ఆరుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు.

పోయిన సంక్రాంతికి మేం చేసిన పని ముందు చెప్తాం. అప్పటికి స్కాలర్‌షిప్ పడలేదు. అయినా పట్నంలో చదివే పిల్లడు ఖాళీ చేతుల్తో దిగితే ఊళ్ళో ఏమనుకుంటారోనని తలా కొంత అప్పు చేశాం. స్వీటు బాక్సులు, గోడ గడియారం, ప్లాస్టిక్ పూలకుండీ కొన్నాం. మాలో ఒకడి అవ్వ ఆ బాక్సుని అటూ ఇటూ తిప్పి చూసి "ఎంతయ్యింది నాయనా?" అనడిగింది. అయింది ఆరొందలు. వాడు నూటయాభై అని అబద్ధమాడాడు. "నూటయాభయ్యా!" అని ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడే వాడి సంచిలో రాజ్‌మా గింజలు, పసుపు కొమ్ములు మూట కట్టి పెట్టింది. సంతకి పట్టుకెళ్తే ఆవిడ చేతిలో నాలుగు డబ్బులు పడే సరుకు అది.

ఆ మూట ఏమైందో తెలుసా? హాస్టల్లో వండుకోనివ్వరు. క్లాసులో ఎవరికైనా ఇద్దామంటే "కొండోళ్ళ సరుకు" అని నవ్వుతారేమోనని సిగ్గు. మంచం కిందే ఉండి రాజ్‌మా పురుగు పట్టింది. మా అప్పులు తీరేసరికి మార్చి అయింది.

షాపులో కొన్నదాన్ని గొప్పనుకుని ఇంటికి మోశాం. ఇంట్లో పండినదాన్ని తక్కువనుకుని పట్నంలో దాచిపెట్టాం. అందుకే ఈసారి గదిలో కూర్చుని ఒక మాట అనుకున్నాం. అటు ఇంటికైనా, ఇటు స్నేహితులకైనా మన చేత్తో చేసినదే ఇద్దాం అని.

ఇంటికి మూడు చేస్తున్నాం.

మొదటిది ఫోన్ నంబర్ల అట్ట. మా అవ్వలకి, అమ్మలకి చదువు రాదు. ఇంట్లో ఫోన్ ఉన్నా ఎవరినో ఒకరిని బతిమాలి నంబరు నొక్కించుకోవాలి. పాత కేలండరు వెనక పెద్ద పెద్ద అంకెలు రాసి పక్కన బొమ్మలు వేస్తున్నాం. కోళ్ళు పెంచే మావయ్య నంబరు పక్కన కోడి, పట్నంలో ఉన్న మా నంబరు పక్కన బస్సు, 108 పక్కన అంబులెన్స్. అంకె ఆకారం పోల్చుకుని నొక్కడం దగ్గరుండి నేర్పితే వచ్చేస్తుంది.

రెండోది చిన్నోళ్ళకి కథల పుస్తకం. అవ్వ చెప్పే కథల్ని కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, ఇంట్లో ఏ మాట ఆడితే ఆ మాటలోనే, తెలుగు అక్షరాల్లో రాసి దారంతో కుట్టి ఇవ్వడం. ఆశ్రమ పాఠశాలలో చేరిననాడు మా మాట ఉన్న పుస్తకం మేం ఒక్కటీ చూడలేదు. మా తమ్ముళ్ళు చూడాలి.

మూడోది అన్నిటికంటే పెద్దది, ఊరి నోట్‌బుక్. పెద్దల దగ్గర కూర్చుని ఏ పోడు ఎప్పటినుంచి ఎవరు చేసుకుంటున్నారు, పాత శ్మశానం ఎక్కడుంది, ఏ ఊట నీళ్ళు తాగేవారు, ఏ చెట్టు కింద పండగ చేసేవారు అని అడిగి రాయడం. ఇది కాలక్షేపం పని కాదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి చెప్తుంది. హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటని రాతలో పెడితే అదీ సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా సాక్ష్యంలోకి వస్తాయి. దీంతోనే పట్టా వచ్చేస్తుందని మేం అనట్లేదు. గ్రామసభ ముందు పెట్టడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. తాతకి రాయడం రాదు, మనకి జరిగింది తెలీదు. ఇద్దరం ఒకచోట ఉండేది ఈ నాలుగు రోజులే. చెప్పినవాళ్ళ పేరు, తేదీ వెయ్యండి. రాసింది తిరిగి చదివి వినిపించండి. వాళ్ళు ఔనన్నాకే సంతకమో వేలిముద్రో అడగండి. పుస్తకం మాత్రం ఊళ్ళోనే ఉంచండి, మనకి ఫోటోలు చాలు.

ఇక పట్నం స్నేహితులకి అడ్డాకు విస్తర్లు తెద్దామనుకున్నాం. ఇక్కడే మాకు తల దించుకున్నట్టయింది. ఆరుగురిలో విస్తరి కుట్టడం వచ్చింది ఇద్దరికే. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో పెరిగి, సెలవులకి సొంత ఇంటికే చుట్టాల్లా వెళ్ళొచ్చాం. ఆకు మీద ఆకు ఎలా పేర్చాలో, పుల్ల ఎక్కడ గుచ్చాలో మా చేతులకి తెలీదు. ఈసారి అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంటాం. వంకరగా వచ్చినా అవే తెచ్చి ఇస్తాం. మనం కోసి కట్టిన కొండచీపురు కూడా ఇస్తాం. చీపురు కానుకేంటని నవ్వితే నవ్వనీ, రోజూ ఊడ్చేది దాంతోనే కదా. ఇవి అమ్మకానికి పెట్టొద్దు. మన సరుకుకి ధర కట్టేవాళ్ళు సంతలో చాలామంది ఉన్నారు.

ఈ మాట అంటే ఒక చెల్లి అడిగింది: "మరి అమ్మకి కొత్త చీర కొనొద్దా అన్నా?" న్యాయమైన మాటే. మాసికల చీరలతో మనల్ని చదివించిన అమ్మకి కొత్త చీర కట్టుకోవాలని ఉండదా? చేతిలో డబ్బుంటే తప్పకుండా కొనండి. అప్పు చేసి మాత్రం కొనొద్దు. అప్పు అని తెలిస్తే ఆ చీర అమ్మ ఒంటి మీద బరువైపోతుంది.

ఈసారి అవ్వ "ఎంతయ్యింది నాయనా?" అని అడిగితే మాకు అబద్ధం చెప్పే పని లేదు.

ఊరి నోట్‌బుక్‌లో ఇంకా ఏ ప్రశ్నలు అడిగితే బాగుంటుందో, మీ ఊళ్ళ అనుభవంతో చెప్పండి. బస్సెక్కేలోపు రాసుకుంటాం.

జోహార్.