జవాను బయోడేటా

ఉక్కుకూ సైన్యానికీ గల బంధుత్వం జంషెడ్‌పూర్‌కు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు. మొదటి ప్రపంచయుద్ధంలో రైలు పట్టాలకు ఇక్కడి కర్మాగారం సమకూర్చిన ఉక్కుకు కృతజ్ఞతగానే 1919లో వైస్రాయ్ ఛెమ్స్‌ఫర్డ్ సాక్చికి ఈ పేరు పెట్టాడు. రెండో యుద్ధంలో ఇక్కడి ఉక్కు కవచం తొడిగిన వాహనాలకు ‘టాటానగర్’ అన్న పేరే స్థిరపడింది. అటువంటి ఊళ్లో సైతం, పదిహేడేళ్లు కొలువు చేసి వచ్చిన హవల్దారుకు తరచు దక్కేది గేటు దగ్గర కాపలా పనే కావడం విడ్డూరం.

లోపం అతని చేతిలో లేదు, చేతిలోని కాగితంలో ఉంది. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. కేంద్రంలో శిక్షణ పొంది, ఎడారిలోనూ మంచులోనూ వాహనాల ఇంజన్లు విప్పి బిగించినవాడి బయోడేటాలో కనిపించేవి రెజిమెంటు పేరు, హోదా, పతకాలు, పనిచేసిన చోట్లు. బారకాసు దాటితే ఆ మాటలకు అర్థం చెప్పేవారుండరు. క్వార్టర్‌మాస్టర్ హవల్దారు అంటే వందలమందికి సరిపడే సరుకుల గిడ్డంగిని లెక్క తప్పకుండా నడిపినవాడని, ట్రక్కుల కర్మాగారంలో దరఖాస్తులు తిరగేసే అధికారికి ఎవరు చెప్పాలి? చేతికింద ఎంతమంది, బాగుచేసినవి ఎన్ని బళ్లు, తెలిసిన యంత్రాలేవి అన్నది సాదా మాటల్లో రాస్తే చాలు. కాని ‘నేను చేశాను’ అనడం గొప్పలు చెప్పుకోవడమని, ‘మా దళం చేసింది’ అనడమే మర్యాద అని ఏళ్ల తరబడి నేర్చినవాడికి ఆ ఒక్క మాటే పెగలదు.

ఏటా దాదాపు 60 వేలమంది సైనిక దళాలను వీడుతున్నారు. వారిలో అత్యధికులు ఏభై నిండనివారే. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో గ్రూపు-సి ఉద్యోగాల్లో 14.5 శాతం, గ్రూపు-డిలో 24.5 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. భర్తీ అయ్యేవి మాత్రం స్వల్పం. ప్రైవేటు కర్మాగారాలకు ఆ నిబంధనే వర్తించదు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలసవెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉక్కును నమ్ముకున్న ఆ నగరంలో, సైన్యం నుంచి తిరిగివచ్చిన బిడ్డకు బయోడేటాయే దిక్కు.

ఈ బెడద ఇక ముదరనుంది. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన తొలి జట్టుకు నాలుగేళ్ల గడువు తీరేది 2026 చివర. శాశ్వత సర్వీసులోకి తీసుకునేది గరిష్ఠంగా నాలుగో వంతు మందినే. తక్కినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి తప్ప పింఛను లేదు, ఆ పథకం రూపకల్పనలో మాజీ సైనికుడన్న హోదా సైతం లేదు. నైపుణ్య పత్రం ఇస్తామని ప్రభుత్వం అన్నది. అందులోనూ సైనిక పరిభాషే ఉంటే అదీ పెట్టె అడుగుకే చేరుతుంది.

డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ శిక్షణ తరగతులు నడుపుతున్నది, సంతోషమే. అయితే ఈ కాగితం రాయవలసింది కొలువు వదిలాక టైపు దుకాణంలో కాదు. యూనిఫాంలో ఉండగానే, అతని పని ఎరిగిన అధికారి సమక్షంలో, ఆయన సంతకంతో. డిశ్చార్జి పుస్తకంలో ప్రతి హోదా పక్కన దానికి సరిపడే పౌర వృత్తి పేరు చేర్చాలి. ఇందుకు రక్షణ శాఖకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.