ఎత్తిపోతలను పట్టించుకునేదెవరు?

2022 ఏప్రిల్ 4వ తేదీన పాత గుంటూరు జిల్లాను విడగొట్టినప్పుడు ఎవరి వాటాకు ఏమి వచ్చిందన్న లెక్కలు చాలా జరిగాయి. కార్యాలయాలు, సిబ్బంది, ఫైళ్ళు, బీరువాలు పంచుకున్నారు. సముద్రం సంగతి ఎవరికీ గుర్తు వచ్చినట్టు లేదు. సూర్యలంక తీరం బాపట్ల జిల్లాకు పోయింది. మన పల్నాడుకు రెంటచింతల ఎండ మిగిలింది. అయితే ఆ ఎండలో నిలబడి చూడదగినది ఒకటి మన వాటాకే వచ్చింది. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో, సాగర్ ఇంకా 11 కిలోమీటర్లు వుందనగా తగిలే ఎత్తిపోతల జలపాతం అది.

విశాఖపట్నంలో చుట్టాల ఇంటికి పోయి వచ్చిన పిల్లవాడిని అడిగి చూడండి, ఏమి చూశావని. కైలాసగిరి మీద చిన్న రైలు ఎక్కానంటాడు. తీగ మీద నడిచే పెట్టెలో కొండ ఎక్కానంటాడు. వుడా పార్కు, 1977లో తెరచిన జంతుప్రదర్శనశాల, 2002 నుంచి సముద్రపు ఒడ్డున మ్యూజియంగా నిలిపి వుంచిన కుర్సురా జలాంతర్గామి, దానికి ఎదురుగా 2017 నుంచి వున్న విమానం – గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆఖరున ఒక ప్రశ్న వేస్తాడు: మన వూరి దగ్గర ఇట్లాంటివి ఎందుకు లేవు? రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన తండ్రి దగ్గర దానికి జవాబు వుండదు.

పట్నంలో వున్నవన్నీ మనకూ కావాలని మేము అనడం లేదు. జలాంతర్గామిని చంద్రవంక వాగులోకి తెచ్చి పెట్టమని ఎవరూ అడగరు. కాని పత్తి తీతలు, మిరప కోతలు, అప్పుల లెక్కలు తప్ప మరొకటి ఎరగని ఇంట్లో కూడా యేడాదికి ఒక్క రోజయినా ముసలివాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని, పులిహోర మూట కట్టుకుని, సాయంకాలానికి ఇల్లు చేరేటట్టు పోయి రావడానికి ఒక చోటు వుండాలి. కోటప్పకొండ వున్నది. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడు వున్నాడు. జిల్లాకు ఈ చివరన మాచర్ల, గురజాల, దుర్గి, వెల్దుర్తి, రెంటచింతల ప్రాంతాలవారికి మాత్రం ఎత్తిపోతలే పార్కు, ఎత్తిపోతలే సముద్రం.

ఈ చోటును దేవుడు ఇచ్చినదానికి మనుషులు చేర్చినది తక్కువ. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలసి వచ్చిన నీరు ఇక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకి, కింద మడుగు కట్టి, మరో మూడు కిలోమీటర్లు పోయి కృష్ణలో కలుస్తుంది. ఎదుటి గట్టు మీద నిలబడితే జలపాతం మొత్తం ఒక్క చూపులో పడుతుంది. కింద దత్తాత్రేయుని గుడి, రంగనాథుని గుడి వున్నాయి. తండాల నుంచి బంజారా కుటుంబాలు దత్తాత్రేయుని దగ్గరకు మొక్కుబడులతో వస్తాయి. యతులు తపస్సు చేసిన తలం కనుక యతితపోతలమనీ, అదే జనం నోట ఎత్తిపోతల అయిందనీ పెద్దలు చెబుతారు. ఈ రోజుల్లో ఎత్తిపోతల అంటే మోటార్లు పెట్టి నీళ్ళను పైకి తోడే పథకమని పిల్లలు అనుకుంటున్నారు. కరెంటు లేకుండా కిందికి దూకే నీటికి ఆ పేరు ఏమిటని ఒక విద్యార్థి అడిగితే అతడిని తప్పు పట్టలేము. పేరు సంగతి పండితులకు వదిలివేద్దాం.

నీటి సంగతి మాత్రం వదలడానికి వీలులేదు. ఎండాకాలంలోనూ ఈ జలపాతం పారడానికి కారణం వాగుల్లో నీరు వుండడం కాదు. సాగర్ కుడి కాలువ నుంచి పైన వాగులోకి నీరు వదులుతారు కనుక పారుతుంది. ఇది తెలిసిన రైతు కడుపు మండడం సహజమే. చివరి భూములకు తడి అందక పైరు వాడుతుంటే, ఎవరో ఫొటోలు తీసుకోవడానికి మా నీళ్ళు కొండ మీద నుంచి పారబోస్తారా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎత్తిపోతల అభివృద్ధి గురించి ఎన్ని ప్రణాళికలు వేసినా అవి పల్నాటి రైతు మెప్పును పొందజాలవు.

అందువల్ల లెక్క చూద్దాం. ఒక టి.యం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఉదాహరణకు, ఆదివారాలూ పండుగలూ కలిపి యేడాదికి 60 రోజులు, రోజుకు 10 గంటలు, 50 క్యూసెక్కుల చొప్పున వదిలారనుకుందాం. ఒక రోజుకు 18 లక్షల ఘనపుటడుగులు, 60 రోజులకు 10 కోట్ల 80 లక్షలు అవుతుంది. అంటే ఒక టి.యం.సి.లో పదోవంతుకు కొంచెం పైన. కుడి కాలువను 11,000 క్యూసెక్కులు పారేటట్టు తవ్వారు. 590 అడుగుల నిండు మట్టంలో జలాశయంలో వుండేది 312 టి.యం.సి.లు. పైగా ఎత్తిపోతలలో దూకిన నీరు నేల మింగేది కాదు. కృష్ణలో కలసి, కింద సత్రశాల దగ్గరి టెయిల్‌పాండ్‌కూ, అక్కడి నుంచి పులిచింతలకూ, ప్రకాశం బారేజీకీ పోయేదే. కృష్ణా డెల్టాకు సాగర్ నుంచి ఎట్లాగూ వదలవలసిన నీటిలో ఈ కొంచెం మన వాగు మీదుగా పోతుంది, అంతే తేడా. అయితే కాలువలోకి వచ్చిన నీరు నది దారి పట్టిందంటే ఆ మేరకు కుడి కాలువ ఆయకట్టుకు అందదనే మాట నిజమే. కనుక డెల్టా పేరున లెక్క కట్టవలసిన నీటిని కాలువ రైతు ఖాతాలో వ్రాయకూడదు. ఈ ఖాతా శుభ్రంగా వుంచి నీటి సంఘాల వారికి చూపిస్తే తగాదాకు చాలావరకు తావుండదు.

ఇక కరువు సంవత్సరం. సాగర్ మట్టం 510 అడుగులకు దిగి, చెరువులకు తాగునీరు వదలడమే గగనమయినప్పుడు జలపాతానికి నీళ్ళు అడిగేవాడు మనిషి కాడు. అటువంటి రోజుల్లో బండ ఎండిపోనివ్వండి. కాని ఆ సంగతి ముందుగా చెప్పండి. వారంలో ఏ రోజుల్లో, ఏ వేళల్లో నీరు వదులుతారో మాచర్ల, పిడుగురాళ్ళ, నరసరావుపేట బస్టాండ్లలో బోర్డు మీద వ్రాసి పెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. పిల్లలను వెంటబెట్టుకుని యాభై అరవై మైళ్ళ నుంచి వచ్చినవారు ఎండు రాయిని చూసి తిరిగి పోవడం కంటే నిరుత్సాహకరమైనది మరొకటి వుండదు.

నీరు వున్నంత మాత్రాన చాలదు, అది ఎటువంటి నీరన్నది కూడా చూడాలి. చంద్రవంక మాచర్ల మీదుగా, చెన్నకేశవస్వామి గుడి పక్కగా వస్తుంది. పలనాటి బ్రహ్మనాయుడి పేరు ముడిపడిన ఆ గుడి పక్క వాగులోకి పట్టణం ఏది వదిలితే అది కాస్త ఆలస్యంగా ఎత్తిపోతల మడుగుకు చేరుతుంది. యాత్రికులు ఆ నీటినే తల మీద చల్లుకుంటున్నారు. మురుగును శుద్ధి చేయకుండా వాగులోకి వదలకూడదనే నియమం మునిసిపాలిటీలన్నిటికీ వున్నదే. దాన్ని మాచర్లలో కచ్చితంగా అమలు జరిపితే, జలపాతం దగ్గర రూపాయి ఖర్చు పెట్టకుండానే జలపాతం సగం బాగుపడుతుంది. తతిమ్మా సగం మన చేతిలో వుంది. తినివేసిన ప్లాస్టిక్ పళ్ళాలు, సీసాలు, గుట్కా సంచులు ఎవరో పట్నవాసులు పారవేసినవని అనుకోవడం ఆత్మవంచన. మన తాతలు మోదుగాకు విస్తళ్ళలో తిని లేచేవారు. ఆవు తినగా మిగిలింది ఎరువయ్యేది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ప్రాణాలది. పైనుంచి చూస్తే మడుగు పిల్లల కొలనులాగా ప్రశాంతంగా కనిపిస్తుంది. అందులో మొసళ్ళు వున్నాయి. ఇక్కడ మొసళ్ళను పెంచే కేంద్రం వున్న సంగతి అందరికీ తెలిసినదే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మొసలికి రక్షణ వుంది. మొసలి నుంచి మనిషిని రక్షించే పని మనిషే చేసుకోవాలి. దానికి తోడు పాచి పట్టిన రాళ్ళు. ఆ పైన వాగు ఉధృతి: జలపాతం దగ్గర ఎండ కాస్తూనే వుండవచ్చు, పైన ఎక్కడో కొండల మీద వాన పడితే చాలు, చూస్తుండగానే నీరు పెరుగుతుంది. మెట్ట పల్లెల్లో పుట్టినవారిలో ఈత వచ్చినవారు తక్కువ. సెల్‌ఫోనులో బొమ్మ తీసుకోవడానికి అంచు దాకా పోయే కుర్రవాళ్ళు ఎక్కువ. ఈ రెండూ కలసిన చోట ఒక ఇనుప కంచె, ఒక తాడు, గాలి నింపిన నాలుగు ట్యూబులు, ఈత వచ్చిన ఇద్దరు స్థానిక యువకులు లేకపోతే ఎట్లా? హెచ్చరిక బోర్డులు చదువుకున్నవారి కోసం మాత్రమే వ్రాయకూడదు. మొసలి బొమ్మ వేసి, ఎర్ర రంగుతో అడ్డగీత గీస్తే అక్షరం రాని అవ్వకు కూడా అర్థమవుతుంది. సెలవు రోజుల్లో మందు సీసాలతో వచ్చేవారిని దారి మొదటే ఆపే బాధ్యత పోలీసువారిది. పైన తాగి కింద జారి పడినవాడిని ఎత్తుకు రావడం కంటే అది తేలిక.

ఆడవారి ఇబ్బందుల గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు గనుక మేము వ్రాస్తున్నాము. మరుగుదొడ్డి దొరుకుతుందో లేదో అన్న భయంతో తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా ప్రయాణం చేసే తల్లులు మన పల్లెల్లో వున్నారు. రెంటచింతల ఎండలో ఇది విహారం కాదు, శిక్ష. గదులు ఎన్ని కట్టామన్నది కాదు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు తాళం తీసి వున్నవి ఎన్ని, అందులో నీళ్ళు వస్తున్నవి ఎన్ని అన్నదే లెక్క. బట్టలు మార్చుకునే చాటు, పసిబిడ్డకు పాలిచ్చే నీడ, కొట్టులో కొనకుండా తాగడానికి దొరికే నీళ్ళు కూడా ఆ కోవలోవే. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేని ప్రయాణం వచ్చింది. మన గ్రామాల ఆడవారు పొలానికి, ఆస్పత్రికి కాకుండా సరదాగా ఒక చోటికి పోవడానికి చేతిలో డబ్బు అడగనక్కరలేని అవకాశం ఇది. అందుకు తగ్గట్టు ఆదివారాలు నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ నుంచి ఉదయం బయలుదేరి, మాచర్ల మీదుగా ఎత్తిపోతల, అనుపు, విజయపురి సౌత్ చూపించి, లాంచీకి అందించి, రాత్రికి తిరిగి చేర్చే పల్లెవెలుగు బస్సులను ఆర్.టి.సి. వారు నడిపి చూడాలి. మాచర్ల వరకు రైలు వున్నది. రైలు దిగినవారికి ఆటోవారి దయ తప్ప మరొక దారి చూపాలి.

కృష్ణకు అవతలి గట్టున, సాగర్ దగ్గరే, తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల్లో బుద్ధవనం కట్టి 2022 మే 14న తెరిచింది. పోటీ పడి మనమూ ఏదో ఒకటి కట్టాలని కొందరికి అనిపించవచ్చు. ఎత్తిపోతలకు కాంక్రీటు వనం అక్కరలేదు. వున్న చెట్లు కొట్టి విడిది గదులు పెంచితే, పట్నం నుంచి కార్లలో వచ్చేవారికి మరికొంత సౌఖ్యం కలుగుతుందేమో కాని, ట్రాక్టరు ట్రక్కులో వచ్చిన ఇరవై మందికి కూర్చుని భోజనం చేసే నీడ పోతుంది. వేపచెట్ల కింద అరుగులు, పిల్లలకు నాలుగు ఉయ్యాలలు, రెండు జారుడు బల్లలు, మొసళ్ళ గురించి, సాగర్ కట్టిన కథ గురించి చెప్పే బొమ్మల గది ఒకటి – ఇవి చాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము కోసం రాళ్ళు మోసినవారి మునిమనుమలు ఈ జిల్లాలో బళ్ళలో చదువుతున్నారు. ఆ కథ వారికి అక్కడే, ఆ నీటి చప్పుడులోనే చెప్పాలి.

అడ్డంకి డబ్బు కాదేమోనని మా అనుమానం. విడిది పర్యాటక శాఖది. మొసళ్ళు అటవీ శాఖవి. నీటి తూము జలవనరుల శాఖ చేతిలో వుంది. బందోబస్తు పోలీసులది, పైనుంచి వచ్చే మురుగు మునిసిపాలిటీది. అయిదుగురు కోడళ్ళున్న ఇంట్లో వాకిలి ఊడ్చేది ఎవరన్నట్టుగా వుంది వ్యవహారం. విశాఖలో పార్కు బెంచి విరిగితే అడగడానికి నగరాభివృద్ధి సంస్థ అని ఒకటి వుంది. ఎత్తిపోతల కంచె విరిగితే ఎవరి తలుపు తట్టాలి? కలెక్టరుగారు ఈ శాఖలన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టి, ఒక అధికారిని బాధ్యునిగా నియమించి, ఆయన హోదాను, ఫోను నంబరును జలపాతం దగ్గర బోర్డు మీద వ్రాయించాలి. వచ్చినవారి దగ్గర వసూలయ్యే రుసుము ఎంత, అందులో అక్కడే ఖర్చు పెట్టినది ఎంత అన్నది నెలనెలా అదే బోర్డు మీద పెట్టాలి. పది రూపాయలు ఇవ్వడానికి పల్నాటివాడు వెనుకాడడు. అవి ఎటు పోయాయని అడగడానికి కూడా వెనుకాడడు.

సాగర్ గేట్లు ఎత్తిన వార్త రాగానే జనం బళ్ళు కట్టుకుని బయలుదేరుతారు. డ్యాము చూసినవారిలో చాలామంది తిరుగు ప్రయాణంలో ఎత్తిపోతల దగ్గర ఆగుతారు. ఆ రద్దీ వచ్చిన తరువాత కంచె గురించి ఆలోచించడం కంటే ముందే, వాగు తక్కువగా పారే రోజుల్లోనే పని మొదలు పెట్టాలి. మొదట కంచె, తాళ్ళు, ఈతగాళ్ళు. ఆ తరువాత మరుగుదొడ్లకు నీళ్ళు. ఉయ్యాలలు మరుసటి యేడాదికి అయినా ఫరవాలేదు.