తోపుడుబండి మీది కాగితం

రెండు కిలోల మామిడిపళ్లకు ఇప్పుడు జేబులో చిల్లర అక్కర్లేదు. మా వీధి చివరి తోపుడుబండికీ క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. బండి నిండా బంగినపల్లి (హైదరాబాదీలకు బేనిషాన్). ‘కార్బైడ్ పెట్టలేదు కదా?’ అనడిగితే, ‘నేను పెట్టలేదు సార్, మార్కెట్‌లో ఏం పెట్టారో నాకేం తెలుసు?’ అంది పళ్లమ్మే ఆమె. నిజమే. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషిద్ధం, ఇథిలీన్ వాయువుకు మాత్రం అనుమతి ఉంది. చూడాల్సింది గోదాముల్లో. అనుమానమంతా బండి మీద.

మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపు రోడ్డు మలుపు మీదే. లారీ వస్తే బండి, తక్కెడ ఎత్తుకుపోతారట. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీ సంగతి అడిగితే ‘అదెక్కడుంటది సార్?’ అని నన్నే అడిగింది.

ఆమెకు తెలిసిన సర్కారు కాగితం ఒక్కటే. 2020లో మొదలైన స్వనిధి పథకం కింద తీసుకున్న రూ.10,000 అప్పుది. బాకీ ఎప్పుడో తీరిపోయింది. కాగితాన్ని మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి బుట్ట అడుగున దాచింది, లారీ వస్తే చూపించడానికి.